ఉద్యోగం మారితే పాత కస్టమర్లను పలకరించకూడదా?

పెళ్ళిళ్ళ సీజను మొదలైందంటే మంచి బ్యూటీషియన్ దొరకడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మీ చర్మానికి ఏ క్రీము పడదో, మీ కనుబొమలు ఏ తీరుగా ఉంటే బాగుంటాయో తెలిసిన అమ్మాయి ఉన్నట్టుండి ఆ పార్లరు మానేసిందనుకోండి. మీరేం చేస్తారు? ఎక్కడ చేరిందో కనుక్కుని అక్కడికే వెళ్తారు. జాకెట్టు కొలత చెడకుండా కుట్టే టైలరు విషయంలోనూ అంతే. పిల్లలకు ట్యూషన్ చెప్పే టీచరు విషయంలోనూ అంతే. మన వైపు నుంచి చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు. డబ్బు మనది, ఇష్టం మనది!

కానీ పార్లరు యజమానురాలి వైపు నుంచి ఒకసారి చూడండి. ఆవిడ అద్దె కట్టింది, కుర్చీలు, అద్దాలు కొంది, ఆ అమ్మాయికి పని నేర్పింది. పేపర్లో ప్రకటనలిచ్చి మనల్ని రప్పించుకుంది. ఇప్పుడు ఆ అమ్మాయి నాలుగు వీధుల అవతల చేరి, మనందరికీ ఫోన్లు చేసి "మేడమ్, ఇక్కడికి రండి, మీకు తగ్గించి చేయిస్తాను" అంటే ఆవిడ కడుపు మండదా?

అందుకే ఈ రోజుల్లో చిన్న పార్లర్ల నుంచి పెద్ద బ్యాంకుల వరకూ చాలాచోట్ల ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారు. "నేను ఈ సంస్థ విడిచిపెట్టిన తర్వాత ఏడాదిపాటు (లేదా రెండేళ్ళపాటు) ఇక్కడి కస్టమర్లను వ్యాపారం కోసం సంప్రదించను" అన్నది అందులోని సారాంశం. ఉద్యోగం వచ్చిన సంబరంలో అది ఎవరూ చదవరు. మానేసేటప్పుడు మాత్రం ఆ కాగితమే లాయరు నోటీసు రూపంలో ఇంటికొస్తుంది. పోస్టులో వచ్చిన ఆ కవరును సంతకం చేసి తీసుకునేది చాలా ఇళ్ళల్లో మనమే కదా! కనుక ఇదేదో ఆఫీసుల గొడవ, మనకెందుకు అనుకోకండి. మీ అమ్మాయి, మీ కోడలు, మీ వారు, రేపు మీరే కావచ్చు... ఎవరికైనా ఈ చిక్కు రావచ్చు.

<b>ఇత్తడి కొట్టు కథ</b>

మన దేశంలో ఒప్పందాలన్నిటికీ ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. అందులో 27వ సెక్షన్ అని ఒకటుంది. ఎవరినైనా సరే న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం, ఆ ఆపినంత మేరకు చెల్లదని ఆ సెక్షన్ చెబుతుంది.

ఈ సెక్షన్ ఎంత గట్టిదో తెలియాలంటే 1874లో కలకత్తా హైకోర్టుకు వచ్చిన ఒక కేసు చూడాలి. కలకత్తాలో ఒకే పేటలో ఇత్తడి సామాను వ్యాపారం చేసేవాళ్ళ మధ్య పోటీ పెరిగింది. "నువ్వు ఇక్కడ కొట్టు మూసేయి, నీ పనివాళ్ళకు నువ్విచ్చిన 900 రూపాయల అడ్వాన్సు మేం ఇచ్చేస్తాం" అని ఒక వర్తకుడితో అవతలివాళ్ళు ఒప్పుకున్నారు. పాపం, ఆయన మూసేశాడు. వాళ్ళు డబ్బివ్వలేదు. కోర్టుకెళ్తే ఏమైంది? వ్యాపారం మానుకోమనే ఒప్పందం అసలు చెల్లనే చెల్లదు, అది ఒక్క పేటకే పరిమితమైనా సరే చెల్లదు అంది కోర్టు. ఆ 900 రూపాయలు ఆయనకు రాలేదు. ఆయనకు అన్యాయం జరిగినట్టే అనిపిస్తుంది కానీ, బతుకుతెరువును కాగితాలతో కట్టేయకూడదన్న సూత్రం మాత్రం అప్పుడే స్థిరపడింది. దాదాపు 150 ఏళ్ళ తర్వాత కూడా మన కోర్టులు ఆ మాటను విడిచిపెట్టలేదు.

<b>ఉద్యోగంలో ఉండగా ఒకటి, మానేశాక ఒకటి</b>

అయితే సంతకం చేసినదంతా చెల్లదనుకుని ధీమాగా ఉండకండి. ఇక్కడే చాలామంది పొరబడతారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ యజమాని పనే చేయాలి, పోటీ వాళ్ళకు చేయకూడదు అన్న షరతు చక్కగా చెల్లుతుంది. 1967లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇదే చెప్పింది. సెంచరీ స్పిన్నింగ్ కంపెనీలో ఒకాయన 5 ఏళ్ళకు ఒప్పుకుని, టైర్లలో వాడే దారం తయారీలో శిక్షణ పొంది, గడువు తీరకుండానే ఎక్కువ జీతానికి కోటాలోని పోటీ కంపెనీలో చేరిపోయాడు. ఒప్పుకున్న 5 ఏళ్ళూ పూర్తయ్యేదాకా పోటీ కంపెనీలో ఆ పని చేయవద్దని కోర్టు ఆపింది.

మానేశాక సంగతి వేరు. 1980లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఇంకో కేసులో, ఢిల్లీ బ్రాంచి మేనేజరును కంపెనీయే ఉద్యోగంలోంచి తీసేసింది. ఆయన అదే తరహా వ్యాపారం సొంతంగా మొదలుపెడితే, "మా సంస్థ విడిచాక రెండేళ్ళు ఆ పని చేయనని సంతకం చేశావు" అంటూ కోర్టుకెక్కింది. కోర్టు ఆయన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. ముగ్గురు జడ్జీల్లో ఒకరు, ఉద్యోగం అయిపోయాక కట్టిపడేసే ఇలాంటి షరతు 27వ సెక్షన్ ప్రకారం చెల్లదన్నారు. మిగతా ఇద్దరు ఇంకో దారిలో అక్కడికే వచ్చారు. "విడవడం" అంటే తనంతట తాను మానుకోవడం, కంపెనీ తీసేస్తే అది విడవడం కాదు అన్నారు. చూశారా, కాగితంలో ఒక్క మాట ఎంత పని చేస్తుందో!

మీ వారికి, పిల్లలకి క్రికెట్ పిచ్చి ఉంటే ఈ సంగతి చెప్పండి. బౌలర్ జహీర్ ఖాన్ మీద ఆయన ప్రకటనల వ్యవహారాలు చూసిన పాత సంస్థ వేసిన కేసు 2006లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒప్పందం గడువు ముగిసినా తమను కాదని వేరే సంస్థతో కుదుర్చుకోకూడదని ఆ సంస్థ వాదన. గడువు తీరాక అలాంటి కట్టుబాటు చెల్లదని కోర్టు చెప్పింది. ఆటగాడికైనా, పార్లరు అమ్మాయికైనా సూత్రం ఒక్కటే.

<b>మరి కస్టమర్లను పిలవచ్చా?</b>

అసలు చిక్కు ఇక్కడుంది. "పోటీ వ్యాపారం చేయకు" అనడం వేరు, "వ్యాపారం చేసుకో, కానీ నా కస్టమర్లను పిలవకు" అనడం వేరు. రెండోదాంట్లో బతుకుతెరువు పోదు కదా, అదెందుకు చెల్లకూడదు అని యజమానులు అడుగుతారు. దీనిమీద కోర్టులు అన్నిసార్లూ ఒకే మాట చెప్పలేదు.

2006లో ఢిల్లీ హైకోర్టుకు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు వచ్చింది. ధనవంతుల పెట్టుబడుల వ్యవహారాలు చూసే ఒక మహిళా అధికారి రాజీనామా చేసి వేరే బ్యాంకుకు వెళ్తోందని, తమ ఖాతాదారులను తీసుకుపోతుందని దాని భయం. కోర్టు ఆమె పక్షానే నిలిచింది. మెరుగైన ఉద్యోగం వెతుక్కునే హక్కును రహస్యాల పేరు చెప్పి అడ్డుకోలేరంది. ఖాతాదారుల జాబితా ఒకటి తయారుచేసుకుని, అది మా రహస్యం, వాళ్ళ దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు అంటే అది గుత్తాధిపత్యం అవుతుందన్న అర్థంలో తీర్పు చెప్పింది. నిజమే కదా, ఖాతాదారులు బ్యాంకు బీరువాలో పెట్టుకునే వస్తువులా ఏమిటి?

అదే ఢిల్లీ హైకోర్టు 2009లో మరో కేసులో మధ్యేమార్గం చూపింది. మానేసిన ఉద్యోగి పోటీ కంపెనీలో పనిచేసుకోవచ్చు, దాన్ని ఆపం అంది. కానీ పాత కంపెనీ కస్టమర్ల దగ్గరికీ, సరుకు సరఫరాదారుల దగ్గరికీ పోటీ వ్యాపారం కోసం వెళ్ళవద్దని ఆపింది.

ఈ రెండూ కలిపి చూస్తే మనకు తెలిసేదేమిటంటే... పని చేసుకునే హక్కు గట్టిది. కస్టమర్లను పనిగట్టుకుని పిలిచే విషయం మాత్రం ఆ ఉద్యోగాన్ని బట్టి, ఆ కాగితంలోని మాటలను బట్టి, మానేసినవాళ్ళు ఏం చేశారన్నదాన్ని బట్టి అటో ఇటో తేలుతుంది.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. పిలవడం వేరు, రావడం వేరు. పాత కస్టమర్లకు పేరుపేరునా ఫోన్లు చేసి, ఇళ్ళకు వెళ్ళి రమ్మనడం పిలవడం. కొత్త చోట బోర్డు పెట్టుకోవడం, అందరికీ కనిపించేలా పేపర్లో ప్రకటన ఇవ్వడం మామూలు వ్యాపారం. మీరు బజార్లో కనిపించిన ఆ అమ్మాయిని "ఇప్పుడెక్కడ చేస్తున్నావమ్మా?" అని అడిగితే ఆమె జవాబు చెప్పడం నేరం కాదు. మీ అంతట మీరు వెళ్తే ఆమె పిలిచినట్టూ కాదు. కాకపోతే కొన్ని కాగితాల్లో "పిలవను" అని మాత్రమే కాక "వాళ్ళకు పని చేసిపెట్టను" అని కూడా రాస్తారు. అది ఇంకా బిగుతైన ముడి. అంత బిగిస్తే మళ్ళీ 27వ సెక్షన్‌కు ఎదురుపడుతుంది.

<b>జాబితా జోలికి పోవద్దు!</b>

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. తలలో ఉన్న జ్ఞాపకం మనది. పుస్తకంలో, కంప్యూటర్లో ఉన్న జాబితా యజమానిది.

1895లోనే ఇంగ్లండులో ఒక కేసు జరిగింది. వేట పక్షులు, వాటి గుడ్లు అమ్మే వ్యాపారి దగ్గర పనిచేసిన మేనేజరు, మానేసే ముందు ఆర్డర్ల పుస్తకంలోంచి కస్టమర్ల పేర్లన్నీ గుట్టుగా రాసుకుని వెళ్ళి సొంత వ్యాపారం పెట్టాడు. అది నమ్మకద్రోహమని కోర్టు తేల్చింది.

మన దేశంలో 1995లో ఢిల్లీ హైకోర్టుకు అలాంటిదే వచ్చింది. కేటలాగు పంపి పోస్టులో సరుకులు అమ్మే కంపెనీ ఒకటి కస్టమర్ల పేర్లు, చిరునామాలతో పెద్ద జాబితా తయారుచేసుకుంది. మానేసిన ఉద్యోగి ఆ జాబితాతోనే పోటీ వ్యాపారం మొదలుపెట్టాడు. శ్రమపడి కూర్చిన జాబితా మీద కాపీరైటు ఉంటుందని చెప్పి, దాన్ని వాడకుండా కోర్టు ఆపేసింది. పుస్తకం రాసినవాళ్ళకు ఎలాంటి హక్కో, జాబితా కూర్చినవాళ్ళకూ అలాంటిదే అన్నమాట.

ఇప్పుడైతే ఇంకో చట్టం కూడా ఉంది. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా కంప్యూటర్లోంచి సమాచారం కాపీ చేసుకోవడం తప్పు. మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "అందరూ చేసేదే కదా" అని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, తనకు తనే మెయిల్ చేసుకునే పిల్లలు ఈ మాట తెలుసుకోవాలి. ఉద్యోగం మారడం హక్కు. ఫైలు పట్టుకుపోవడం హక్కు కాదు.

<b>పాలవాడు, వెన్న, చీజ్</b>

బయటి దేశాల్లో ఎలా ఉంటుందో కూడా చూద్దాం. మన పిల్లలు అక్కడికీ వెళ్తున్నారు కదా!

ఇంగ్లండులో సమంజసమైన షరతు అయితే మానేశాక కూడా చెల్లుతుంది. 1970లో ఒక పాలవాడి కేసు వచ్చింది. డెయిరీలో పని మానేశాక, చివరి 6 నెలల్లో తను పాలు పోసిన ఇళ్ళకు ఏడాదిపాటు పాలు, పాల పదార్థాలు అమ్మనని అతను సంతకం చేశాడు. మానేసిన మర్నాడే వేరే డెయిరీ తరఫున అవే వీధుల్లో, అవే ఇళ్ళకు పాలు వేయడం మొదలుపెట్టాడు! "పాల పదార్థాలంటే వెన్న, చీజ్ కూడా వస్తాయి, ఇతను కిరాణా కొట్టులో కూడా పనిచేయడానికి ఉండదు, షరతు మరీ ఎక్కువ" అని కింది కోర్టు కొట్టేసింది. పై కోర్టు మాత్రం ఆ షరతు ఉద్దేశం పాల వాడుక గురించే తప్ప కిరాణా గురించి కాదంటూ పాలవాడిని ఆపింది. రోజూ తెల్లారేసరికి గుమ్మంలోకి వచ్చేవాడికి కస్టమర్లతో ఉండే చనువే డెయిరీ ఆస్తి అని వాళ్ళ ఆలోచన.

అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్న కాలిఫోర్నియాలో మాత్రం మన దేశంలాగే చట్టం ఉద్యోగి పక్షం. చిత్రమేమిటంటే అక్కడి నియమం కూడా 1872లోనే పుట్టింది! పాత సంస్థ కస్టమర్లను పిలవకూడదన్న షరతు కూడా చెల్లదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2008లో ఒక అకౌంటెంటు కేసులో తేల్చింది. చాలా ఇతర రాష్ట్రాల్లో గడువు, పరిధి సమంజసంగా ఉంటే చెల్లుతుంది. పోటీ సంస్థల్లో చేరకూడదనే షరతులను దేశమంతటా నిషేధిస్తూ 2024లో అక్కడి కేంద్ర సంస్థ ఒకటి నియమం తెచ్చింది కానీ, అదే ఏడాది ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక కోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి అక్కడున్న మీ అబ్బాయో, అల్లుడో ఉద్యోగం మారుతుంటే, ఏ రాష్ట్రంలో ఉన్నారో ముందు అడగండి.

<b>యజమాని మీరే అయితే?</b>

ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు, నలుగురిని పెట్టుకుని బొటిక్ నడిపేవాళ్ళు ఇప్పుడు ఎంతోమంది. మీ బాధ కూడా న్యాయమైనదే. మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

కస్టమర్ల వివరాలు అందరికీ అందుబాటులో ఉంచకండి. ఆర్డర్లు పనిచేసే అమ్మాయి సొంత ఫోన్‌కు కాకుండా దుకాణం నంబరుకే వచ్చేలా చూసుకోండి. "జీవితాంతం ఈ ఊళ్ళో పార్లరు పెట్టకూడదు" లాంటి షరతులు రాయించుకుంటే లాభం లేదు. జాబితా వాడకూడదు, రహస్యాలు చెప్పకూడదు అని స్పష్టంగా రాసుకుంటే ఉపయోగం.

నడుస్తున్న పార్లరును డబ్బిచ్చి కొంటున్నారా? అప్పుడు 27వ సెక్షన్‌లోనే మీకో మినహాయింపు ఉంది. వ్యాపారం పేరు ప్రతిష్ఠలతో సహా అమ్మినవాళ్ళు ఫలానా పరిధిలో అదే వ్యాపారం పెట్టనని రాసిస్తే, ఆ పరిధి సమంజసంగా ఉంటే, అది చెల్లుతుంది. పక్కవీధిలోనే మళ్ళీ తెరిస్తే మీ డబ్బు గంగపాలే కదా! అందుకే ఆ మాట కాగితం మీదకు రావాలి.

స్నేహితురాలితో కలిసి భాగస్వామ్యంలో పెట్టారా? 1932 నాటి భాగస్వామ్య చట్టం 36వ సెక్షన్ ఈ సంగతి సూటిగానే చెప్పింది. విడిపోయిన భాగస్వామి పోటీ వ్యాపారం పెట్టుకోవచ్చు, ప్రకటనలిచ్చుకోవచ్చు. కానీ, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, పాత సంస్థ పేరు వాడకూడదు, ఆ సంస్థ తరఫున చేస్తున్నట్టు చెప్పుకోకూడదు, అప్పటిదాకా ఆ సంస్థతో వ్యవహరించిన కస్టమర్లను పిలవకూడదు. స్నేహం బాగున్నప్పుడే ఇవన్నీ రాసుకోవడం మంచిది. చెడ్డాక రాసుకోవడం కుదరదు.

<b>బాండు సంగతి మరిచిపోవద్దు</b>

"మూడేళ్ళు పనిచేస్తాను, ముందే మానేస్తే ఇంత కడతాను" అనే బాండును కస్టమర్ల షరతుతో కలిపి చూడకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు అలాంటి బాండు చెల్లుతుందని చెప్పింది. 3 ఏళ్ళు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు అది. బ్యాంకు ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్న పిల్లలున్న తల్లులు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. అయితే కాగితంలో ఎంత పెద్ద అంకె రాసినా అంతా కట్టించేస్తారని భయపడనక్కర్లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, రాసిన అంకె దానికి పై హద్దు మాత్రమే.

<b>ఇవి గుర్తుంచుకోండి</b>

• సంతకం చేసే ముందు ప్రతి పేజీ చదివించండి. ఒక కాపీ అడిగి తీసుకుని ఇంట్లో భద్రపరచండి.

• ఎన్నాళ్ళు, ఏ ఊరు, ఏ కస్టమర్లు అన్న మూడు మాటలు వెతకండి. "ఏ రూపంలోనూ", "ఎప్పటికీ" లాంటి మాటలుంటే మార్చమని మర్యాదగా అడగండి.

• ఖాళీ చెక్కు, ఖాళీ కాగితం మీద సంతకం ఇవ్వకండి. సర్టిఫికెట్ల నకళ్ళు ఇవ్వండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.

• మానేసేటప్పుడు నోటీసు గడువు పూర్తిచేసి, ఫోను, ఫైళ్ళు, జాబితాలు అప్పగించి, అప్పగించినట్టు రాయించుకోండి.

• ఇంకా జీతం తీసుకుంటూనే కస్టమర్లతో "వచ్చే నెల నుంచి నా దగ్గరికి రండి" అనకండి. ఎక్కువ కేసులు ఇక్కడే ఓడిపోయేలా తయారవుతాయి.

• లాయరు నోటీసు వస్తే కంగారుపడకండి, అలాగని బల్ల సొరుగులో పడేయకండి. నోటీసు తీర్పు కాదు. కానీ అందులో ఇచ్చిన గడువులోగా జవాబివ్వాలి. జవాబు లేకపోతే అవతలివాళ్ళు ఇంజంక్షన్ కోసం కోర్టుకెళ్తారు. కోర్టు పిలిచినప్పుడు వెళ్ళకపోతే మన మాట వినకుండానే ఉత్తర్వు వచ్చేయవచ్చు.

లాయరు ఫీజుకు డబ్బెక్కడిదంటారా? 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మీ జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళి అర్జీ ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోన్ చేసి కూడా అడగవచ్చు.

పని నేర్పిన యజమానికి కృతజ్ఞత చూపించాలి, నిజమే. వాళ్ళ కాగితాలు, వాళ్ళ లెక్కలు వాళ్ళకే వదిలి రావాలి. కానీ చేతిలోని పనితనాన్ని వదిలి రమ్మనే హక్కు ఎవరికీ లేదు. ఈసారి ఇంట్లో ఎవరికైనా కొత్త ఉద్యోగం ఆర్డరు వస్తే, స్వీట్లు పంచే ముందు ఆ కాగితం ఒకసారి చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చివరి పేజీ దాకా చదవండి. అరగంట పని, అంతే!